ఆశ్రమం తోటలో ఎండు తెగులు: రైతుల సలహా కావాలి

ఒడిశాలోని గుణుపురం దగ్గర దాతల సాయంతో నడిచే మా పిల్లల ఆశ్రమానికి కూరగాయలు చాలావరకు సొంత పొలం నుంచే రావాలి. ఈసారి మాత్రం కాపుకొచ్చిన టమాటా, వంగ మొక్కలు ఆకు పచ్చగా ఉండగానే వాలిపోతున్నాయి. కాండాన్ని కోసి గాజు గ్లాసు నీళ్లలో ఉంచితే పాలవంటి ద్రవం దారంలా దిగుతోంది కనుక ఇది బాక్టీరియా ఎండు తెగులేనని, మందులతో సులువుగా పోయేది కాదని అర్థమైంది. బడి నుంచి రాగానే తాము నాటిన మొక్కల దగ్గరికి పరుగెత్తే పిల్లలకు ఏం చెప్పాలో తోచడం లేదు. ఆ మడుల్లో చోళ్లు (రాగులు), మొక్కజొన్న వేద్దామనుకుంటున్నాము. మళ్లీ వంగ వేయడానికి ఎన్నాళ్లు ఆగాలి? అడవి వంగపై అంటుకట్టిన టమాటా నారు రాయగడ, పార్వతీపురం వైపు ఎక్కడ దొరుకుతుంది? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.