ఒక్క కొట్టివేత పడినా పేజీ చించేస్తున్నాను, ఏం చేయాలి?

బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్లో వెయ్యికి 978 వచ్చాయి. ఇంట్లో ఇప్పటికీ ఆ అంకెతోనే నన్ను చుట్టాలకు పరిచయం చేస్తారు. మొన్నటి మిడ్ పరీక్షలో 30కి 17 వచ్చాయి. పరీక్ష తప్పలేదు, నిజమే. అయినా ఆ రాత్రి అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు.

అసలు బాధ ల్యాబ్ రికార్డుతో. ఒక్క కొట్టివేత పడితే పేజీ మొత్తం మళ్లీ రాస్తాను. పోయిన వారం ఒకే ప్రయోగాన్ని నాలుగుసార్లు రాసి, గడువు దాటించి, రావలసిన మార్కులూ పోగొట్టుకున్నాను. పక్క గది అబ్బాయి మూడు సబ్జెక్టులు తప్పి కూడా సాయంత్రం హాయిగా క్రికెట్ ఆడతాడు. నవ్వకండి, వాడిని చూస్తే నాకు అసూయ.

నాన్నకు చెబితే "మనసు గట్టి చేసుకో" అన్నారు. ఎలాగో చెప్పలేదు.

ఇందులోంచి బయటపడినవాళ్లు మొదట ఏ అలవాటు మార్చుకున్నారు? 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎవరైనా ఫోన్ చేశారా? తెలుగులోనూ మాట్లాడతారట. ముందుగా ఏం అడుగుతారు, ఎంతసేపు పడుతుంది? గదిలో ఎవరూ లేని సమయం చూసుకోవాలి.

ఈ ప్రశ్నను కూడా ఐదుసార్లు దిద్దాను.