అప్‌డేట్: పిస్టన్ కార్బన్ పోయింది, అసలు దొంగ వేరే

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు బండి టకటక కొడుతోంది, పిస్టన్ (ఇంజిన్ లోపల పైకీ కిందికీ ఆడే ముక్క) మీద కార్బన్ (కాలి పేరుకున్న మసి) ఎలా తీయాలని ఇక్కడ అడిగింది నేనే. హెడ్ (ఇంజిన్ పై మూత) విప్పితే పిస్టన్ నెత్తిన నల్లటి పెచ్చు గట్టిగా పట్టుంది. పిస్టన్ బయటికి తీసి, రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి వెదురు పుల్లతో గీకాను. అల్యూమినియం మెత్తన కదా, ఇనుప బ్రష్ పెడితే గీతలు పడతాయి. ఒకన్న కాస్టిక్ సోడా వాడమన్నారు. దయచేసి ఎవరూ వాడొద్దు, అది అల్యూమినియాన్నే తినేస్తుంది.

ఎక్కువ ఓపిక పట్టింది పిస్టన్ చుట్టూ ఉండే రింగుల గాడుల దగ్గరే. పాత రింగు విరిచి, ఆ ముక్కతోనే మెల్లగా తీశాను. కొత్త రింగుల చివర్ల మధ్య సందులు ఒకే వరుసలోకి రాకుండా తిప్పి ఎక్కించాం.

ఇంత కార్బన్ పట్టడానికి అసలు దొంగ వాల్వ్ సీళ్లు (వాల్వుల పక్క నుంచి ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ముక్కలు)! గట్టిపడి ఆయిల్ లోపలికి దించుతున్నాయి, అది కాలి పొగా, కార్బనూ అవుతోంది. అవీ, హెడ్ గ్యాస్కెట్టూ (హెడ్ కింద లీకు కాకుండా వేసే పలచటి పొర) మార్చాం. నిన్న అలిపిరి నుంచి నిదానంగా కొండెక్కాను, శబ్దం లేదు, పొగా లేదు. సలహా చెప్పిన అన్నలందరికీ దండాలు.