‘సాహసం శాయరా డింభకా’లో శాయరా తప్పా?

పర్లాకిమిడి నుంచి:

నెలకోసారి మా వీధిలో పాత సినిమా వేసుకుంటాం. మేడ మీద తెల్ల దుప్పటి కడతాం, ప్రొజెక్టర్ అద్దెకు తెస్తాం, కుర్చీలు ఎవరివి వాళ్ళే మోసుకొస్తారు. ఈ నెల పాతాళభైరవి. బ్యానర్ రాయించే పని నా మీద పడింది. సినిమా పేరు, కింద ఒక్క డైలాగ్ చాలన్నారు. ఏ డైలాగో అడగక్కర్లేదు కదా. ‘సాహసం శాయరా డింభకా’ అని చీటీ మీద రాసి, అందరికీ ఓసారి చూపించి రమ్మని మా మేనల్లుడి చేతికిచ్చి పంపాను.

సాయంత్రానికి చీటీ తిరిగొచ్చింది. ‘శాయరా’ చుట్టూ ఎర్ర సున్నా. పక్కన ‘చేయరా’. దాని కింద ఇంకో చేతిరాతతో ‘సేయరా’. అన్నిటికంటే కింద పెన్సిల్‌తో ‘శేయరా’. ఆ రాత్రి మేడ మీద పెద్ద గొడవే అయింది. ఒకాయన కోపంతో కుర్చీ పట్టుకుని వెళ్ళిపోబోయారు. మా మెట్లు ఇరుకు. కుర్చీ మలుపులో ఇరుక్కుంది. చేసేది లేక తిరిగొచ్చి అందులోనే కూర్చున్నారు.

మా దగ్గర ఇలాంటివి తెగ్గొట్టేది ఒక రిటైర్డు మాష్టారు. ఆయన రూల్సు ఆయనవి. తప్పు అన్నవాళ్ళు ఎందుకు తప్పో చూపించాలి. ‘మా నాన్నగారు ఇలాగే అనేవారు’ అంటే వింటారు గానీ, ఏ ఊళ్ళో ఎవరితో అనేవారో కూడా చెప్పాలి. రామారావు గొప్పా, రంగారావు గొప్పా అని ఎత్తినవాళ్ళకి ఆ పూట టీ లేదు. నెగ్గినవాళ్ళ మెడలో వీరతాడు పడుతుంది. మాయాబజార్‌లో ఘటోత్కచుడు వేయించే వీరతాడే, కాకపోతే మాది బియ్యం బస్తా కుట్టిన పురికొసకి పసుపు రాసింది. ఈసారి ఆయన కూడా తేల్చలేదు. ‘చదువుకున్నవాళ్ళున్న చోట అడిగి రా’ అన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నా సాక్ష్యం నేను ముందే పెడతాను. మా ముత్తాతగారి పేర 1921 నాటి క్రయ దస్తావేజు ఒకటి మా ఇంట్లో ఉంది. ఇప్పుడు ఒడిశాలో ఉన్న మా ఊరు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. మడతల దగ్గర చిరిగితే మా తాతగారు వెనక పల్చటి గుడ్డ అతికించారు. అందులో ‘విక్రయం శాయడమైనది’ అని రెండు చోట్ల ఉంది. ‘యేవిధమైన తగాదా శాయకుండా’ అని ఒక చోట ఉంది. అదే కాగితంలో ‘స్వాధీనం చేశినాను’ అని కూడా ఉంది. అంటే రాసినాయనకి చే అన్న అక్షరం తెలియక కాదు. ఒక చోట చే, ఒక చోట శా. రెండూ పద్ధతిగా రాసుకున్నాడు.

నాకు తట్టింది ఏమిటంటే, మేక అని రాస్తాం గానీ చాలామందిమి మ్యాక అంటాం. చేట అని రాసి చ్యాట అంటాం. వెనక వచ్చే అక్షరంలో అకారం ఉంటే ముందున్న ఏత్వానికి నోరు తెరుచుకుంటుంది. ‘చేయడం’లో వెనక ‘య’ ఉంది, అందుకని చే కాస్తా చ్యా అయింది. ఆ పలుకుకి మన లిపిలో అక్షరం లేదు, దగ్గర్లో ఉన్న శా రాసేశారు. ‘చేసి’లో వెనక ఇకారం కాబట్టి నోరు తెరుచుకోదు, అక్కడ చే అలాగే నిలిచింది. ‘శాయరా’లో కూడా వెనక ‘య’యే. ఇక తప్పెక్కడ?

బరంపురం నుంచి:

నేను తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. ఎర్ర సున్నా నాది కాదు గానీ, నేనున్నా పెట్టేవాణ్ణే.

దస్తావేజులో ఉన్నదల్లా సాధువు, అంటే వ్యాకరణం ఒప్పుకున్న మాట అయితే ఇక వ్యాకరణం ఎందుకండీ? 1858లోనే చిన్నయ సూరి బాలవ్యాకరణంలో తేల్చిపెట్టారు: ‘ప్రథమము మీఁది పరుషములకు గసడదవలు బహుళంబుగానగు’. అంటే ప్రథమా విభక్తి మాట తర్వాత వచ్చే క చ ట త పలు గ స డ ద వలు కావచ్చు. వాఁడు కొట్టె అన్నది వాఁడు గొట్టె అయినట్టే, సాహసము చేయరా అన్నది సాహసము సేయరా అవుతుంది. కాదు, ద్వితీయ పెడతానంటారా, చివర ద్రుతం, అంటే నకారం ఉంటుంది కాబట్టి సాహసముఁ జేయరా అవుతుంది. చకారం నుంచి పోవడానికి ఇక్కడ రెండే దార్లు, ఒకటి స, ఒకటి జ. శకారానికి దారే లేదు.

ఇంకో మాట. బ్యానర్ పదిమంది పిల్లలు చూసేది. మన వైపు తెలుగు అక్షరం చదవగలిగే పిల్లలే తక్కువ. ఉన్న కాస్తమందికీ తప్పు నేర్పకండి బాబూ.

పర్లాకిమిడి నుంచి:

పంతులుగారూ, పిల్లల గురించి మీరన్నది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. సూత్రం మీద మాత్రం ఒక మాట. మీ రెండు దార్లూ ‘సాహసము’ దగ్గర మొదలవుతాయి. డైలాగ్‌లో ఉన్నది ‘సాహసం’. ము ఎప్పుడో పోయింది, సున్నా వచ్చి కూర్చుంది. ముందు మాట వాడుక భాషలో ఉంటే వెనక మాటకి సంధి చేయించాలని ఎందుకు పట్టుపడతారు? పైగా సూరిగారు కూడా ‘బహుళంబుగా’ అన్నారు, తప్పనిసరిగా అనలేదు.

గుణుపురం నుంచి:

పెద్దల మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వైపు చ కూడా లేదు, శ కూడా లేదు, అన్నీ స లే. సెప్పు, సెయ్యి, సూడు. ఇంటి బయట చూస్తే ఒడియా. దాంట్లో శ, ష, స మూడూ రాస్తారు, పలికేది మాత్రం స ఒక్కటే. కాబట్టి చెవితో విని ఈ తగువు తీర్చడం మా వల్ల కాదు.

చిన్నప్పుడు నేను విన్నది ‘సాహసం సాయరా’. సాయం అనే అనుకున్నాను. మాంత్రికుడు తోట రాముణ్ణి సాయం అడుగుతున్నాడు, రాముడు లేకపోతే ఆయన పని కాదు, కథకి సరిగ్గా సరిపోయింది! పెద్దయ్యాక అక్షరాల్లో చూసేదాకా ఏ అనుమానమూ రాలేదు. ఇప్పటికీ నాకు నా అర్థమే బాగుంది.

రాయగడ నుంచి:

మీరంతా శాయరా దగ్గరే ఆగిపోయారు. మా ఇంట్లో గొడవ డింభకా మీద.

మా మనవడు ఒడియా మీడియం. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. మొన్న వాడితో కలిసి ఈ సినిమా చూస్తున్నాను. మాంత్రికుడు ఆ మాట అనగానే వాడు పకపకా నవ్వి, ‘తాతా, ఆయన్ని గుడ్డూ అంటున్నాడేటి?’ అన్నాడు. ఒడియాలో డింబ అంటే గుడ్డు. మాటల్లో అండా అంటారు గానీ పుస్తకాల్లో డింబ అనే ఉంటుంది. ‘సాహసం చెయ్యరా గుడ్డూ’ అని వాడికి అర్థమైంది. ఆ తర్వాత సినిమా అంతా రామారావుగారు కనిపించినప్పుడల్లా ‘గుడ్డు వచ్చాడు’ అనడమే.

సంస్కృతంలో డింభం అంటే పిల్లవాడు, శిశువు. డింభకా అంటే ‘ఓరి పిల్లడా’ అని. కాబట్టి భకి ఒత్తు ఉండాలి. బ్యానర్ మీద శాయరా రాస్తారో సేయరా రాస్తారో మీ ఇష్టం. ‘డింబకా’ అని ఒత్తు లేకుండా మాత్రం రాయకండి, ఒడియా వచ్చిన ప్రతి పిల్లాడూ నవ్వుతాడు.

మా మనవడికి ఇదంతా చెప్పాను. ‘అయితే గుడ్డులోంచి వచ్చినవాడే కదా పిల్లడు’ అన్నాడు. ఇంక నేనేం చెప్పను.

పాతపట్నం నుంచి:

మీకు దగ్గర్లోనే, ఆంధ్రా వైపు ఉన్నవాణ్ణి. ఈ చర్చలో రాసినాయన పేరు ఎవరూ ఎత్తలేదేం? మాటలు పింగళి నాగేంద్రరావుగారివి. ఆయన 1901లో పుట్టింది బొబ్బిలి దగ్గర రాజాంలో. మనవాడు! మన పాత కాగితాల్లో ఉన్న మాటే తెచ్చి పెట్టారు. శాయరా మన మాట, అంతే. వీరతాడు ఇటు పంపండి.

పర్లాకిమిడి నుంచి:

తమ్ముడూ, తొందరపడకు. పుట్టింది రాజాంలోనే గానీ పెరిగింది బందరులో. శాయడం అన్నది మన జిల్లాల సొత్తు కూడా కాదు. తెలుగు దస్తావేజులు, అర్జీలు, పెద్ద కుటుంబాల పాత ఉత్తరాలు ఎక్కడివైనా తిరగెయ్యి, ‘శాయవలెను’ కనిపిస్తుంది. మన కాగితాలు పెట్టెల్లో మిగిలాయి కాబట్టి మనకి చూపించడం తేలిక, అంతవరకే.

నాకనిపించేది ఇంకొకటి ఉంది. మా మేడ మీద అంటే ఎవరూ పట్టించుకోలేదు, ఇక్కడైనా అంటాను. ‘శాయవలెను’ ఎక్కడ ఉంటుంది? అర్జీలో, హుకుంలో, దస్తావేజులో. వీధిలో ఇద్దరు స్నేహితులు ‘ఆ పని శాయరా’ అనుకోరు. కావ్యంలో కవి కూడా అనడు, అక్కడ సేయరా వస్తుంది. శాయడం అన్నది సర్కారు కచేరీ మాట. దాని చివర ‘రా’ తగిలించండి. ఒక పక్క దొరగారి కచేరీ హుకుం, ఒక పక్క చనువుగా పిల్చే రా. దాని మీద సంస్కృతంలో డింభకా. మూడు మాటలూ మూడు చోట్లవి. ఆ మాంత్రికుడు రాముణ్ణి అచ్చం అలాగే చూస్తాడు. పైకి ముద్దు చేస్తాడు, లోపల బలి ఇద్దామనుకుంటాడు, మాట్లాడితే మాత్రం కచేరీలో కూర్చున్నట్టే. ‘చేయరా’ అని దిద్దితే తండ్రి కొడుకుతో అన్నట్టుంటుంది. ‘సేయరా’ అంటే హరికథ. రంగారావుగారి గొంతులో ఉన్న భయం రెండింటిలోనూ పోతుంది. (రంగారావుగారి పేరు ఎత్తాను, మాష్టారు చూస్తే నాకు టీ లేదు.)

‘శేయరా’ గురించి ఎవరూ ఏమీ అనలేదు. పెన్సిల్‌తో రాసినాయన ఇప్పటికీ బయటపడలేదు.

బరంపురం నుంచి:

మీ కచేరీ వాదన వినడానికి బాగుంది. వినడానికి బాగున్నవన్నీ ప్రమాణం కావు. శాయు అన్నది చేయుకి వాడుకలో వచ్చిన రూపమే అని ఒప్పుకుంటాను. అంత మాత్రాన గోడ మీద రాయదగినది అనను.

పర్లాకిమిడి నుంచి, మాష్టారు చెప్పగా రాస్తున్నాను:

(ఆయన ఫోన్‌లో టైపు చెయ్యరు. పక్కన కూర్చుని చెబుతున్నారు.)

పంతులుగారికి నమస్కారాలు. నేనూ సూత్రాలు వల్లించినవాణ్ణే. కానీ ఈ ఊళ్ళో కూర్చుని ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడికి బడిపంతులుగా వచ్చారు. సవర భాష నేర్చుకున్నదీ, వాడుక భాష కోసం పోరాటం మొదలెట్టిందీ ఇక్కడే. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’ అని ఆయన ఒక పుస్తకం రాశారు. ఊరి జనం తప్పులు మాట్లాడుతున్నారని గోల చేసిన పండితుల రాతలే తీసి, మీ సూత్రాల ప్రకారం మీరే ఎన్ని చోట్ల జారారో చూడండని చూపించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్ళాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, ఈ వీధుల్లో ఒక వాడుక మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టాలంటే నాకు భయమే.

నా తీర్పు ఇది. మాట శాయరా. ఒత్తు భకే. ఎర్ర సున్నా ఎవరిదో నాకు తెలుసు, పేరు చెప్పను. సున్నా పెట్టి కారణం రాయలేదు కాబట్టి ఆదివారం దుప్పటి ఆయనే కట్టాలి. వీరతాడు ఎవరికీ లేదు. గుడ్డు కుర్రవాడు ఈ ఊరు వస్తే వాడికి వేస్తాను.

రాయగడ నుంచి:

వాడికి చెప్పాను మాష్టారూ. వీరతాడంటే ఏటని అడిగాడు. మాయాబజార్ పెట్టాల్సి వచ్చింది, రాత్రి పదకొండయింది, పొద్దున్న స్కూలుకి లేవలేదు.

బరంపురం నుంచి:

గిడుగు వారి పేరు చెప్పి నోరు మూయించారు, ఇది మాత్రం అన్యాయం. నా అభిప్రాయం మారలేదు. ఆదివారం సినిమాకి వస్తున్నాను. కుర్చీ తెచ్చుకోలేను, ఒకటి చూసి పెట్టండి. ఆ దస్తావేజు కూడా చూడాలి, వీలైతే ఫోటో ఇక్కడ పెట్టండి.

పర్లాకిమిడి నుంచి:

కుర్చీ సిద్ధం పంతులుగారూ, మెట్ల మలుపులో ఇరుక్కోనిదే వేయిస్తాను. బ్యానర్ రాసే ఆయనది ఒడియా, తెలుగు అక్షరాలు చూసి బొమ్మ వేసినట్టు వేస్తాడు. శా కింద ఏమైనా తగిలిస్తాడేమోనని పక్కనే నిలబడి రాయించాను. భ ఒత్తు మాత్రం కాస్త పెద్దదైంది, పక్క అక్షరం మీదకి వాలింది.

ఫోటో రేపు పెడతాను. సర్వే నంబరు, హద్దులు కనిపించకుండా వేలు అడ్డం పెట్టి తియ్యమంది మా అమ్మ.