పజిల్ గేమ్స్ వల్ల పిల్లలకి నిజంగా ఏమైనా వస్తుందా?

నీలిగాలి:
మా వాడికి తొమ్మిదేళ్లు. షూటింగ్ ఆటలు మాన్పించి పజిల్ ఆటలు ఇద్దామనుకుంటున్నా. రెండు సందేహాలు. వచ్చే తెలివి ఆ ఆట వరకేనా, చదువులో కూడా పనికొస్తుందా? లెవెల్ దాటలేకపోతే చాలు, యూట్యూబ్‌లో జవాబు చూసేస్తున్నాడు. ఇక ఆడి ఏం లాభం?

గడులమేస్త్రి:
సోకోబాన్‌తో మొదలుపెట్టండి. 1982 నాటి జపాన్ ఆట, ఉచిత వెర్షన్లు బోలెడు. గోదాములో పెట్టెల్ని నెట్టుకుంటూ గుర్తు వేసిన గళ్లలోకి చేర్చాలి. నెట్టడమే కానీ లాగడం కుదరదు, అదీ ఒకసారికి ఒక్క పెట్టెనే. మూలకి చేరిన పెట్టె ఇక కదలదు. రెండు పెట్టెలు పక్కపక్కన గోడకి ఆనాయంటే రెండూ ఇరుక్కున్నట్టే.

పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఎక్కడంటే, దగ్గరున్న పెట్టెని దగ్గరున్న గడిలో పెట్టేస్తారు. లోపలి గళ్లకి దారి మూసుకుపోతుంది. అందుకే మొదటి ఎత్తు వేయకముందే "అన్నిటికన్నా చివర నిండాల్సిన గడి ఏది?" అని అడగండి. చివరి నుంచి వెనక్కి ఆలోచించడం అప్పుడు మొదలవుతుంది.

యూట్యూబ్ పూర్తిగా వద్దంటే చాటుగా చూస్తాడు. ముందు ఏది అడ్డొస్తోందో ఒక్క వాక్యంలో చెప్పమనండి. "రావట్లేదు" అంటే లెక్కలోకి రాదు, "ఎర్ర పెట్టె వెనక నిలబడటానికి చోటు లేదు" అనాలి. చాలాసార్లు అది చెబుతుండగానే దారి తడుతుంది. అయినా తెగకపోతే వీడియోలో మొదటి రెండు ఎత్తులు మాత్రం చూసి ఆపేయాలి. ఆ పెట్టెనే ముందు ఎందుకు కదిపారో చెప్పగలిగాకే మిగతాది ఆడాలి.

తర్కం:
చదువులో పనికొస్తుందా అన్నదానికి నేను తొందరపడి అవునని అనను. 2002లో సిమ్స్, మేయర్ అనే పరిశోధకులు, పై నుంచి పడే ముక్కల్ని పేర్చే టెట్రిస్ ఆట బాగా ఆడేవాళ్లని పరీక్షించారు. టెట్రిస్ ముక్కల్ని, అలాంటి ఆకారాల్ని మనసులో తిప్పి చూడటంలో వాళ్లు ముందున్నారు. వేరే రకం ఆకారాలిస్తే ఆ ఆధిక్యం కనిపించలేదు. "మెదడు పదునెక్కుతుంది" అన్న యాప్ ప్రకటనల్ని అందుకే నమ్మను.

ఆటలోని రూలే పాఠంలోని రూల్ అయితే వేరే సంగతి. సమీకరణాలు నేర్పే డ్రాగన్‌బాక్స్ ఆల్జీబ్రా అనే ఆటలో ఒక వైపు కార్డు వేస్తే రెండో వైపూ అదే వేయాలి. బొమ్మల కార్డులే పోనుపోను అక్షరాలవుతాయి, అంకెలవుతాయి. చిక్కేమిటంటే, రెండో వైపు వేసేదాకా ఆటే ముందుకు పోనివ్వదు. కాగితం మీద ఆపేవాళ్లుండరు కాబట్టి అక్కడ మర్చిపోతారు. ఆడిన లెవెళ్లలో రెండుమూడింటిని నోట్‌బుక్‌లో సమీకరణాలుగా రాయించండి. ఈ పని చేయకపోతే ఆట ఆటగానే మిగిలిపోతుంది.

బిట్లుబైట్లు:
ప్రోగ్రామింగ్ వైపు అయితే హ్యూమన్ రిసోర్స్ మెషీన్ (2015) అనే ఆట. కమాండ్లు వరసగా పేర్చి పని చేయించాలి. కమాండ్లలో కూడిక, తీసివేత ఉన్నాయి, గుణకారం లేదు. అది కావాలంటే మళ్లీ మళ్లీ కూడే లూప్ మనమే కట్టాలి. అందరూ తప్పేది సున్నా దగ్గర. లూప్‌లోకి వెళ్లేముందు సున్నానా కాదా అని చూడకపోతే, ఎన్నిసార్లు కూడాలో లెక్కపెడుతూ తగ్గించే అంకె మైనస్‌లోకి జారి, లూప్ ఆగాల్సిన చోట ఆగదు. తొమ్మిదేళ్లకి గుణకారం లెవెల్ బరువే, మొదటి కొన్ని లెవెళ్లు చాలు. తక్కువ కమాండ్లు, తక్కువ అడుగులు అని రెండు విడి లక్ష్యాలుంటాయి. ఒక్కోసారి ఒకటి సాధిస్తే రెండోది తప్పుతుంది. ఆ బేరం అర్థమైతే చాలా వచ్చినట్టే.

నీలిగాలి:
బాబా ఈజ్ యూ అనే పజిల్ ఆట బాగుంటుందని విన్నా. ఇంగ్లీషు చదవడం ఇంకా తడబాటే, ఆడగలడా?

గడులమేస్త్రి:
మొదటి లెవెళ్లలో బాబా, వాల్, రాక్, ఫ్లాగ్, పుష్, స్టాప్, విన్ లాంటి పొట్టి పదాలే. పక్కన కూర్చుని ఒకసారి చదివి వినిపించండి. ఆ పదాలే నెట్టగలిగే దిమ్మలు, అవి కలిసి ఏర్పడే వాక్యమే ఆట రూలు. "వాల్ ఈజ్ స్టాప్"లో ఒక దిమ్మని పక్కకి తోస్తే గోడలోంచి నడిచిపోవచ్చు. వాక్యం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి మాత్రమే చెల్లుతుంది. ఇది తెలియక తలకిందులుగా పేర్చి కూర్చుంటారు. మనం కదిపేది బాబాని అని చెప్పే "బాబా ఈజ్ యూ" వాక్యం చెదిరితే కదిపేందుకు ఎవరూ మిగలరు, అన్‌డూ నొక్కాలి.

అన్‌డూకి పరిమితి లేకపోవడం వరమే, కానీ గుడ్డిగా తోసి వెనక్కి తెచ్చే అలవాటూ దాంతోనే వస్తుంది. దిమ్మ కదిపేముందు ఏమవుతుందో చెప్పించి, అప్పుడు కదపనివ్వండి.