పెట్టె కొనాలా, వద్దా? కెన్యా బోర్డింగ్ స్కూలు మీద ఒక చర్చ

కిసుము_నాన్న:
అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లుగా పశ్చిమ కెన్యాలో ఉంటున్నాం. చక్కెర మిల్లులో లెక్కలు చూస్తాను. ఇక్కడి మనవాళ్లు ఎక్కువగా పిల్లల్ని బ్రిటిష్ సిలబస్ ప్రైవేటు స్కూళ్లలో వేస్తారు. నా జీతానికి అది అందదు కాబట్టి మావాణ్ణి మొదటినుంచీ ఇక్కడి సిలబస్‌లోనే చదివించాం. స్వాహిలి వాడికి మాకంటే బాగా వచ్చు. ఉగాలి అంటే ప్రాణం (మన సంకటి లాంటిదే, మొక్కజొన్న పిండితో చేస్తారు).

పాత 8-4-4 పద్ధతి (ఎనిమిదేళ్లు ప్రైమరీ, నాలుగు సెకండరీ, నాలుగు యూనివర్సిటీ) పోతోంది. 2026 జనవరిలో పదో గ్రేడ్‌తో సీనియర్ స్కూల్ మొదలవుతుంది, మావాడిది మొదటి బ్యాచ్. సీటు ఇంటికి రెండొందల కిలోమీటర్ల దూరంలో, మగపిల్లల బోర్డింగ్ స్కూల్లో వచ్చింది. సామాను జాబితా ఇచ్చారు. రేకు పెట్టె, పరుపు, దుప్పట్లు, బకెట్, రెండు తాళాలు, ఇంకా చాలా ఉన్నాయి. మా ఆవిడ ఆ కాగితం చదివి ఫ్రిజ్ మీద పెట్టేసింది. వారమైంది, ఎవరం ముట్టుకోలేదు.

"ఊళ్లోనే డే స్కూలుంది కదా, మార్పించండి" అంటుంది తను. ఆఫీసులో కెన్యా మిత్రులేమో బోర్డింగ్ తిండి తినకపోతే వాడు పెద్దవాడెలా అవుతాడని నవ్వుతున్నారు. మీరేమంటారు? ఇక్కడ చదివినవాళ్లు, పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల_మాస్టారు:
పంపించండి బాబూ. 1997 నుంచి 2005 దాకా మచాకోస్ వైపు ఒక సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను.

మా స్కూల్లో గంట తెల్లవారుజామున నాలుగున్నరకి కొట్టేవాళ్లు. చీకట్లోనే చదువు, దాన్ని ప్రెప్ అంటారు. ఆ తర్వాత ఉజి, అంటే జావ. మధ్యాహ్నం గితేరి, మొక్కజొన్న గింజలూ చిక్కుడు గింజలూ కలిపి ఉడికించింది. రాత్రి ఉగాలి, సుకుమా వికీ. ఆ ఆకుకూర పేరుకి అర్థమే "వారాన్ని నెట్టుకురా" అని. మళ్లీ పదింటిదాకా ప్రెప్. ఇంత కష్టంలోకి ఎందుకు పంపమంటున్నానంటారా? స్కూలు నడిపేది సగం పిల్లలే, అందుకు. టీచర్లం పాఠం చెప్పి ఇంటికి పోయేవాళ్లం. డార్మ్ (పిల్లలు పడుకునే హాలు), భోజనశాల, గంట, ఊడ్పు అన్నీ ప్రిఫెక్ట్‌ల చేతిలోనే, అంటే పెత్తనం ఇచ్చిన పెద్ద పిల్లల చేతిలోనే.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. మొదటి ఏడాది క్లాసులో నోరు విప్పలేదు. మూడో ఏడు వాడిని భోజనశాల కెప్టెన్ చేశారు. నాలుగొందల మందికి గితేరి వడ్డించే గరిటె వాడి చేతికొచ్చింది. మొదటి వారం స్నేహితులకి నిండుగా వేశాడు, చివరి రెండు వరసలకి చారు మిగిలింది. ఆ రాత్రి ఎవడో వాడి పరుపు మీద బకెట్ నీళ్లు గుమ్మరించాడు. మర్నాటినుంచి వాడు గరిటెలో గింజలు ఒక గీత దాకా పోసి, పైన చారు పోసేవాడు. గీత మేకుతో వాడే గీసుకున్నాడు. నేను చెప్పిన నిష్పత్తులు, అనుపాతాలు వాడికి ఎంత గుర్తున్నాయో తెలీదు గానీ ఆ గీత మాత్రం మర్చిపోడు.

ఇంకో మాట. మిషనరీల కాలంలో బడులు అక్కడొకటి ఇక్కడొకటి ఉండేవి. మసేనో 1906లో, అలయన్స్ 1926లో పెట్టారు. రోజూ వచ్చిపోయేంత దగ్గరలో పిల్లలు లేకపోబట్టే హాస్టళ్లు వచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాత నేషనల్ స్కూళ్లు దేశం నలుమూలలనుంచీ పిల్లల్ని తీసుకున్నాయి. కికుయు, లువో, కలెంజిన్, కంబా తెగల పిల్లలు ఒకే మంచం మీద కింద ఒకడు, పైన ఒకడు. 2007 ఎన్నికల తర్వాత అక్కడ తెగల మధ్య ఎంత హింస జరిగిందో మీకు తెలుసు. అది చూసినవాడు ఆ మంచాల విలువని తేలిగ్గా తీసెయ్యడు.

మోనో_ఒకప్పుడు:
మాస్టారూ, నమస్తే. మీరు గరిటె పట్టుకున్నవాడి కథ చెప్పారు. నేను చివరి వరసలో నిలబడ్డదాన్ని.

నకూరులో పెరిగాను, 2009లో ఒక గర్ల్స్ బోర్డింగ్‌లో ఫారమ్ వన్‌లో, అంటే సెకండరీ మొదటి ఏడాదిలో చేరాను. కొత్తగా వచ్చినవాళ్లని మోనో అంటారు. మొదటి రాత్రి సీనియర్లు నన్ను కుర్చీ ఎక్కించి కరెంటు బల్బు నోటితో ఊది ఆర్పమన్నారు. పదిహేను నిమిషాలు ఊదాను. నా పక్కమ్మాయిని చెప్పు చెవికి పెట్టుకుని ఇంటికి ఫోన్ చెయ్యమన్నారు. ఆమె నిజంగానే "అమ్మా" అని ఏడ్చేసింది. అది చూసి వాళ్లు ఇంకా నవ్వారు. ఇది ఏ స్కూల్లోనైనా వినే కథే, మా బడి పేరు చెప్పక్కర్లేదు.

నాకు ఇంకో బాధ ఉండేది. అక్కడ ఆడపిల్లలందరికీ జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు. నేను ఇండియన్‌ని కాబట్టి నాకు మినహాయింపు ఇచ్చారు. రెండు జడలు. డార్మ్‌లో ఎనభై మంది ఉంటే నా ఒక్కదానికే జడలు. తల రుద్దుకోవడానికి ఇంకో అరబకెట్ నీళ్లు కావాలి, ఆ నీళ్లకోసమే నా మీద కోపం. రెండో టర్మ్‌లో ఒక ఆదివారం కుట్టుపని కత్తెరతో నేనే కోసేసుకున్నాను. ఆ రోజునుంచి నాకు స్నేహితులు దొరికారు. విజిటింగ్ డేకి అమ్మ చపాతీలు తెచ్చి, నన్ను చూసి డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దాన్ని ఎదగడం అనాలో లొంగిపోవడం అనాలో నాకిప్పటికీ తెలీదు.

తెగల భేదాలు పోతాయన్నారు. నిజమే, కొంత. కానీ ఇంగ్లిష్ రోజున స్వాహిలి మాట్లాడినా, ఇంట్లో భాష మాట్లాడినా మెడలో చెక్క ముక్క వేసేవాళ్లు. అది తీయించుకోవాలంటే ఇంకొకరిని పట్టివ్వాలి. పట్టివ్వడం కూడా అక్కడే నేర్చుకున్నాం మాస్టారూ.

బెజవాడ_హాస్టల్:
ఇదంతా చదువుతుంటే నా ఇంటర్ రోజులు గుర్తొచ్చి కడుపులో తిప్పుతోంది. రెండేళ్లు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాను. కిటికీకి గ్రిల్లు, మెట్లకి గేటు, ఆదివారం కూడా పరీక్ష. ఆటలు లేవు, ప్రిఫెక్ట్‌లు లేరు. ఒకటే తేడా, మాకు గరిటె కూడా ఇవ్వలేదు. జైలు ఏ దేశంలో ఉన్నా జైలే. అన్నా, పంపకండి.

సర్వేల్_బ్యాచ్:
బెజవాడ తమ్ముడూ, నీ బాధ అర్థమైంది గానీ రెంటినీ ఒకే గాటన కట్టకు. నేను గురుకులంలో చదివినోణ్ణి. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టిన్రు. మా ఇంట్ల దీపం కింద ఐదుగురం ఉండేటోళ్లం, పొద్దున బర్లు, సాయంత్రం నీళ్లు. హాస్టల్‌కి పోయినంకనే నాకు సాయంత్రం అనేది ఒకటి దొరికింది. ఆ సాయంత్రమే నన్ను చదివించింది.

కెన్యా పల్లెటూళ్లలో కూడా ఇదే కథ ఉంటదని నా అంచనా. మోనో అక్కా, అవునా కాదా?

మోనో_ఒకప్పుడు:
అవును. నా మంచం పైన పడుకునే అమ్మాయిది తుర్కానా వైపు. సెలవులొస్తే మేమంతా రోజులు లెక్కపెట్టేవాళ్లం, ఆమె మాత్రం దిగులు పడేది. ఇంటికెళ్తే నీళ్లకి రోజూ నడక, చెల్లెళ్ల పని, పుస్తకం తెరిచే వీలుండదు. పెళ్లి మాటలు కూడా మొదలయ్యాయి అనేది. బోర్డింగే ఆమెకి అడ్డు నిలబడింది. ఫీజు బాకీ పడినప్పుడల్లా స్కూలు వాళ్లు ఇంటికి పంపేస్తే, ఆమె బస్సు డబ్బుల్లేక ఆఫీసు వరండాలో కూర్చునేది. అదీ చూశాను.

డే స్కూళ్లలో ట్యూషన్ ఫీజు సర్కారే ఇస్తోంది, పిల్లకి ఏడాదికి 22,244 షిల్లింగులు అని లెక్క. నేషనల్ స్కూల్ బోర్డింగ్‌కి ఇంట్లోవాళ్లు పైన ఇంకో 53,554 కట్టాలి. ఆ తుర్కానా అమ్మాయికి బోర్డింగ్ ఎందుకో నేను వాదిస్తాను. కిసుము అన్నయ్య కొడుక్కి ఎందుకో మాత్రం నాకు ఎవరైనా చెప్పాలి. వాడికి ఇంట్లో బల్ల ఉంది, లైటుంది, అడిగే అమ్మ ఉంది.

సందేహం_సుబ్బారావు:
అందరూ గితేరి గురించీ జడల గురించీ మాట్లాడుతున్నారు, అసలు సంగతి వదిలేశారు, మంటల్లో చనిపోయిన పిల్లల సంగతి. 1998లో బొంబొలులు, 26 మంది ఆడపిల్లలు. 2001లో క్యాంగులి, 67 మంది మగపిల్లలు. 2017లో నైరోబి మోయి గర్ల్స్, 10 మంది. 2024 సెప్టెంబరులో న్యేరి దగ్గర ఎండరాషా అకాడమీ, 21 మంది చిన్నపిల్లలు. అన్నీ రాత్రి డార్మ్‌లో అంటుకున్న మంటలే. మాస్టారు గారూ, క్యాంగులి మీ మచాకోస్‌లోనే కదా? మీరున్న రోజుల్లోనే కదా? దాని గురించి ఒక్క మాట రాయలేదేం?

లెక్కల_మాస్టారు:
రాయలేదు. రాయాలనిపించలేదు.

2001 మార్చి. ఆ మంటల మర్నాడు మా స్కూల్లో ఉదయం ప్రెప్ జరగలేదు. పిల్లలు పరుపులు తెచ్చుకుని మైదానంలో కూర్చున్నారు, లోపల పడుకోం అన్నారు. క్యాంగులి డార్మ్‌కి రెండు తలుపులుంటే ఒకదానికి తాళం వేసి ఉంది. కిటికీలకి ఊచలు. నిప్పు పెట్టింది పిల్లలేనని కేసు పెట్టారు. ఆ వారం మా హెడ్మాస్టరు వెల్డింగ్ మనిషిని పిలిపించి మా ఊచలు కోయించాడు. ఆ ఊచలు నాలుగేళ్లుగా నేను చూస్తూనే ఉన్నాను కదా, ఎప్పుడైనా ఒక్క మాటన్నానా అంటే అనలేదు. దొంగతనాలు తగ్గాయని సంతోషించాను కూడా.

పిల్లలు ఎందుకు తగలబెడతారని అడగబోతారు. 2016లో ఒక్క ఏడాదే వందకి పైగా స్కూళ్లలో మంటలు లేచాయి. ఎక్కువగా రెండో టర్మ్‌లో, మాక్ పరీక్షల ముందు. తిండి బాగాలేదని, హెడ్మాస్టరు కఠినమని, సెలవు ఇవ్వలేదని, ఒక్కో చోట ఒక్కో కారణం చెప్తారు. నాకనిపించింది చెప్తాను, తప్పయితే దిద్దండి. ప్రిఫెక్ట్‌కి చెప్తే వాడే కొడతాడు. టీచరుకి చెప్తే ప్రిఫెక్ట్‌ని అడుగుతాడు. బెత్తం 2001లోనే నిషేధించారు గానీ చేతులు మానలేదు. మాట పైకి పోయే దారి లేనిచోట అగ్గిపుల్ల వినిపిస్తుంది. పిల్లల చేతికి గరిటె ఇచ్చాం, ఫిర్యాదు చేసే చోటు ఇవ్వలేదు. మోనో అమ్మాయి చెప్పిన చివరి వరసని నేను ఆ రోజుల్లో చూడలేదు.

అయినా పంపొద్దు అనను. చూసి పంపండి అంటాను. 2008లో విద్యాశాఖ భద్రతా నియమాలు అచ్చేసింది. మంచానికీ మంచానికీ మధ్య కనీసం 1.2 మీటర్లు, నడిచే దారి 2 మీటర్లు, తలుపులు ఐదడుగుల వెడల్పు, బయటికి తెరుచుకోవాలి, కిటికీలకి ఊచలు ఉండకూడదు. టేపు పట్టుకుని వెళ్లండి.

సందేహం_సుబ్బారావు:
కాగితం మీద నియమాలు మన దగ్గరా ఉన్నాయి మాస్టారూ. 2008లో రాశారు, 2017 ఆగిందా? 2024 ఆగిందా? ఎండరాషా తర్వాత లెక్క తీస్తే 348 ప్రైమరీ స్కూళ్ల హాస్టళ్లు నియమాలకి సరిపోవని మూసేయమన్నారు. అన్నేళ్లూ వాటిలో పిల్లలు పడుకున్నట్టే కదా.

లెక్కల_మాస్టారు:
పడుకున్నారు.

కిసుము_నాన్న:
అందరికీ ధన్యవాదాలు. ఆలస్యమైంది, నిన్ననే వెళ్లొచ్చాం, ముగ్గురం. సెలవులు కాబట్టి స్కూలు ఖాళీగా ఉంది. వాచ్‌మన్, ఒక గుమాస్తా ఉన్నారు. టేపు తీస్తే గుమాస్తా నవ్వాడు, తర్వాత తనే ఒక చివర పట్టుకున్నాడు.

కిటికీలకి ఊచలు లేవు. రెండు తలుపులూ బయటికి తెరుచుకుంటున్నాయి. కానీ వెనక తలుపుకి అడ్డంగా విరిగిన బెంచీలు పేర్చారు. మంచాల మధ్య 1.2 అన్నారు కదా, ఒక చోట 94 సెంటీమీటర్లు, ఇంకో చోట 80. "ఈసారి పిల్లలు ఎక్కువ వస్తున్నారు" అన్నాడు గుమాస్తా. బెంచీల సంగతి అడిగితే జనవరికి తీసేస్తామన్నాడు. మా ఆవిడ "ఇప్పుడే తీద్దాం" అంది. అలా మేం ముగ్గురం, వాచ్‌మన్ కలిసి పదకొండు బెంచీలు వరండాలో పెట్టాం. గుమాస్తాకి అది నచ్చలేదు.

మావాడు ఆ పనంతా అయ్యాక ఒక కింది మంచం మీద కూర్చుని, పైన చెక్క మీద గోకి రాసిన పేర్లు చదువుతున్నాడు. ఒకడు పేరుతోపాటు మిగిలిన రోజుల లెక్క గీతలు గీసుకున్నాడు, ఎనభై దాకా ఉన్నాయి, ఆ తర్వాత ఆపేశాడు. "విసుగొచ్చి ఆపాడా, అలవాటై ఆపాడా?" అని అడిగాడు మావాడు. నేనేం చెప్పలేదు.

మోనో చెల్లెమ్మా, నీ ప్రశ్నే దారంతా వాణ్ణి అడిగాం. ఇంట్లో అన్నీ ఉన్నాయి కదా, నీకెందుకు అని. ఇంట్లో అన్నీ ఉన్నాయి గానీ స్నేహితులంతా బోర్డింగ్‌లకే వెళ్తున్నారు, ఊళ్లో నేనొక్కణ్ణే మిగులుతాను అన్నాడు. మాకు తట్టని సంగతి అది.

ఇంకా తేల్చుకోలేదు. డే స్కూల్‌కి మార్చమని అర్జీ కూడా పెట్టి ఉంచాను. జాబితా మాత్రం ఫ్రిజ్ మీదనుంచి దిగి బల్ల మీదకి వచ్చింది. మా ఆవిడ అందులో లేనిది ఒకటి కింద చేత్తో రాసింది, టార్చిలైటు అని. మాస్టారు గారూ, ఆ బెంచీలు మళ్లీ అక్కడ చేరకుండా ఎవరిని అడగాలి? బోర్డు వాళ్లనా, కౌంటీ ఆఫీసునా?

లెక్కల_మాస్టారు:
ముందు స్కూలు బోర్డుకి ఉత్తరం రాయండి, ఒక కాపీ కౌంటీ విద్యాశాఖ ఆఫీసుకి. కొలతలు, తేదీ వెయ్యండి. ఫొటో తీశారా?

కిసుము_నాన్న:
తీశాం. మావాడు తీశాడు.