అప్‌డేట్: భూమి దావాలో కాగితాల అఫిడవిట్ వేశాం

హన్మకొండ కోర్టులో మా పంపకాల దావా నడుస్తోంది, అవతలివాళ్లు మా దగ్గరున్న కాగితాలన్నీ ప్రమాణం మీద చెప్పమంటున్నారు, ఏమేం చూపాలి అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

సీపీసీ (సివిల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 11 రూల్ 12 కింద, కాగితాలన్నీ ప్రమాణం మీద చెప్పమని కోర్టు ఆదేశం వచ్చింది. బాపు ట్రంకుపెట్టెలో పాత పహాణీ (ఊరి భూముల సాగు రికార్డు) నకళ్లు, శిస్తు రసీదులు, మడతల దగ్గర చిరిగిన ఒక సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని, తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం పత్రం) దొరికాయి. అది మాకు వ్యతిరేకమే. అయినా జాబితాలో రాయాల్సిందేనని వకీల్ సాబ్ గట్టిగా చెప్పారు, రాశాం. నాకూ అదే న్యాయమనిపించింది. వకీల్ సాబ్‌తో నడిచిన వాట్సాప్ చాట్ మాత్రం, వకీలుతో మాట్లాడినవి గోప్యం కాబట్టి, చూపబోమని అఫిడవిట్‌లోనే అభ్యంతరం పెట్టాం.

తమ్ముడి ఫోన్ మెసేజ్‌ల ప్రింట్లను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. అదొక్కటే మిగిలింది.