తరావా దాడి: బెషియో దిబ్బ మీద నీటి లోతు లెక్కించేదెలా?

రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 నవంబరు 20న, పసిఫిక్‌లోని తరావా దీవుల్లో జపాన్ చేతిలో ఉన్న బెషియో దీవి మీద అమెరికా మెరైన్లు దాడి చేశారు. ఆ రోజు బెషియో చుట్టూ పగడపు దిబ్బ మీద గంట గంటకీ ఎంత నీరుందో లెక్క కట్టాలి. నిండా మనుషులెక్కిన హిగ్గిన్స్ పడవకు (సైనికులను ఒడ్డున దించే పడవ) దాదాపు 4 అడుగుల లోతు కావాలి. అంత లేక పడవలు దిబ్బ అంచునే ఆగిపోయాయి. మెరైన్లు మెషిన్‌గన్ల ఎదుట వందల గజాలు నీళ్లలో నడిచారు. మొదటి మూడు వరసలు ఎల్‌వీటీల్లో (నీటిలోనూ నేల మీదా నడిచే ట్రాక్ బళ్లు) దిబ్బ దాటాయి గానీ, అవి ఉన్నవే సుమారు 125.

అప్పుడు చంద్రుడు అర్ధబింబం, పైగా భూమికి దూరంగా ఉన్నాడు. అందుకే ఆటుపోట్లు రెండూ సన్నగిల్లాయి. ఆటుపోట్లను చంద్రసూర్యుల వల్ల వచ్చే వేర్వేరు అలల మొత్తంగా లెక్కిస్తారు. ఈ లెక్కకు రోజుకు రెండుసార్లు వచ్చే ఎం2, ఎస్2, ఎన్2 అలలు చాలా, రోజుకొకసారి వచ్చే కె1, ఓ1 కూడా కలపాలా? ఎన్2 వదిలేస్తే చంద్రుడి దూరం ప్రభావమే పోతుంది కదా! తరావాలో ఈ అలల ఆంప్లిట్యూడ్ (ఎత్తు), ఫేజ్ (వచ్చే సమయం) విలువలు ఎక్కడ దొరుకుతాయి? చార్ట్ డేటమ్ (సముద్ర పటంలో లోతులు కొలిచే ఆధార మట్టం) నుంచి దిబ్బ అంచు ఎత్తు ఎలా తీయాలో కూడా తెలిసినవాళ్లు చెప్పగలరు.